కరిగేది, కరగనిది: కర్నూలు, కడప నేలల రసాయన పరిశోధన

కర్నూలు, కడప సీమల్లో ఏ రాయిని చేతిలోకి తీసుకున్నా, ఏ మట్టిని పరీక్షకు పెట్టినా రసాయన శాస్త్రం ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఇది నీళ్లలో కరుగుతుందా? కరిగితే ఎంత కరుగుతుంది, ఏ పరిస్థితిలో కరుగుతుంది? ఈ గుణానికే ద్రావణీయత అని పేరు. ఏడాదికి సగటున 600 నుంచి 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ మెట్ట ప్రాంతంలో నీటికీ రాతికీ మధ్య జరిగే ఈ వ్యవహారం చాలా విషయాలను తేల్చేసింది. బెలుం గుహలు తొలిచింది అదే. మంగంపేట ముగ్గురాయిని కోట్ల ఏళ్లు నిలిపి ఉంచింది అదే. తుమ్మలపల్లె యురేనియాన్ని ఆమ్లంతో కాకుండా సోడాతో తీయాల్సి రావడానికి, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ చేరడానికి, వేరుశనగ ఆకు పాలిపోవడానికి, ఎర్రచందనం రంగు నీటికి లొంగకపోవడానికి కూడా మూలం అదే. గత నూట యాభై ఏళ్లుగా ఇక్కడ సాగిన పరిశోధనలను ఈ ఒక్క దారం మీద గుచ్చి చూడవచ్చు.

ముందుగా ఆ రాళ్ల సంగతి. కర్నూలు నుంచి కడప మీదుగా తూర్పున నల్లమల, వెలిగొండల దాకా నెలవంక ఆకారంలో పరుచుకున్న రాతి పొరల ప్రాంతాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్ అంటారు. దీని వైశాల్యం సుమారు 44 వేల చదరపు కిలోమీటర్లు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఈ పొరలన్నిటినీ తిరిగి చూసి, వరుస కట్టి, 1872లో ఒక బృహద్గ్రంథంగా ప్రకటించాడు. కడప, కర్నూలు అనే పేర్లు ప్రపంచ భూగర్భ శాస్త్రంలో స్థిరపడింది అప్పటి నుంచే. కింద ఉన్న పాత పొరలు కడప వర్గం, వాటిపైన పేరుకున్న కొత్త పొరలు కర్నూలు వర్గం. ఒక్కొక్క పొరకు అది బాగా కనిపించే ఊరి పేరే పెట్టారు. వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల అనే ఊళ్ల పేర్లు ఇవాళ దేశదేశాల శాస్త్ర పత్రికల్లో రాతి పొరల పేర్లుగా వినిపిస్తాయి.

ఈ పొరల వయసు తేల్చింది కూడా రసాయన శాస్త్రమే. పులివెందుల దగ్గర తాడిపత్రి పొరల మధ్యకు కరిగిన శిలాద్రవం చొచ్చుకొచ్చి గడ్డకట్టి, నల్లని పలకగా మిగిలింది. అందులో బాడెలియైట్ అనే జిర్కోనియం ఖనిజపు సన్నని స్ఫటికాలు ఉంటాయి. ఈ స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాలం గడిచేకొద్దీ యురేనియం క్షీణించి సీసంగా మారుతుంది. అందుకే స్ఫటికంలో యురేనియం ఎంత, సీసం ఎంత అని కొలిస్తే వయసు లెక్కకు వస్తుంది. 2008లో వెలువడిన అధ్యయనం పులివెందుల రాతికి ఈ పద్ధతిలో సుమారు 188.5 కోట్ల ఏళ్లు కట్టింది. ఆ శిలాద్రవం చొచ్చుకొచ్చిన పొరలు అంతకన్నా పాతవి. అప్పటికి భూమి మీద చెట్టూ లేదు, జంతువూ లేదు. సూక్ష్మజీవులు తప్ప వేరే జీవం లేని ఒక సముద్రపు అడుగున ఈ సున్నపు పొరలు, ఇసుక పొరలు, బురద పొరలు పేరుకున్నాయి.

ఈ పొరల్లో నీటికి తొందరగా లొంగేది సున్నపురాయి. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. స్వచ్ఛమైన నీటిలో ఇది లీటరుకు 14 మిల్లీగ్రాములకు మించి కరగదు. అయితే వాన నీరు స్వచ్ఛమైన నీరు కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొంత, మట్టిలో వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలే అదే వాయువును మరింత కలుపుకుని, అది బలహీనమైన కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం తగలగానే కాల్షియం కార్బొనేట్ కాస్తా కాల్షియం బైకార్బొనేట్‌గా మారి, అనేక రెట్లు ఎక్కువగా కరుగుతుంది. రాతి నెర్రెలోకి దిగిన నీరు ఏటా కొంత రాతిని మోసుకుపోతూ, నెర్రెను సందుగా, సందును సొరంగంగా పెంచుతుంది.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు అలా తయారైనవే. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో ఈ గుహలను ప్రస్తావించాడు. 1982, 1983 సంవత్సరాల్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలికి దిగి కొలతలు తీసింది. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు. పాతాళగంగ అనే చోట లోతు 46 మీటర్లు. నున్నగా అరిగిన గోడలు, వంపు తిరిగిన దారులు ఒకప్పుడు అక్కడ నీరు నిండుగా పారిన సంగతి చెబుతాయి.

కరిగిన రాయి తిరిగి గడ్డకట్టడం కూడా అక్కడే కనిపిస్తుంది. పైకప్పు నుంచి ఊరిన నీటి బొట్టు గుహలోని గాలికి తగలగానే కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది. ఆ వాయువు పోయాక బైకార్బొనేట్‌ నిలవలేదు. మళ్లీ కార్బొనేట్ అయి, రేణువు రేణువుగా అంటుకుంటుంది. గుహ కప్పు నుంచి వేలాడే సున్నపు ఊడలు అలా పెరిగినవే. కర్నూలు సీమలోనే బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల్లో 1883, 1884లలో ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ తవ్వకాలు జరిపి, ప్రాచీన జంతువుల ఎముకలు వెలికితీశారు. సున్నం నిండిన మట్టిలో ఆమ్లం నిలవదు కాబట్టి ఎముక త్వరగా శిథిలం కాదు. గుహను తొలిచిన రసాయన చర్యే మరో రూపంలో ఆ ఎముకలను కాపాడింది.

ఈ సున్నపురాయే కర్నూలు, కడప ఉమ్మడి జిల్లాల్లో వేల కుటుంబాలకు జీవనాధారం. పలచని పొరలుగా విడిపోయే నాపరాయిని బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో కోసి, పాలిష్ పట్టి, బండలుగా దేశమంతా పంపుతారు. మిగిలిన సున్నపురాయి సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్తుంది. అక్కడ జరిగే మొదటి మార్పు చాలా సరళమైనది. సుమారు 900 డిగ్రీల వేడిలో 100 కిలోల కాల్షియం కార్బొనేట్ 56 కిలోల సున్నంగా, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. ఆ సున్నం బంకమట్టిలోని సిలికాతో, అల్యూమినాతో 1,450 డిగ్రీల దగ్గర కలిసి క్లింకర్ అవుతుంది. టన్ను సున్నపురాయి కాలితే నాలుగు క్వింటాళ్లకు పైగా వాయువు గాలిలో కలుస్తుందన్న మాట. సిమెంటులో సున్నపురాయి పాలు తగ్గించి బూడిద, స్లాగ్ పాలు పెంచే పరిశోధనలు ఇంత ముఖ్యమైనవి కావడానికి కారణం ఇదే.

సున్నపురాయికి పూర్తిగా ఎదురు స్వభావం ముగ్గురాయిది. శాస్త్ర పరిభాషలో దీని పేరు బెరైటీస్, రసాయనికంగా బేరియం సల్ఫేట్. ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేటలో ఉన్న నిక్షేపం ఒకే చోట ఉన్న ముగ్గురాయి నిక్షేపాల్లో ప్రపంచంలోనే అతి పెద్దదిగా పేరుపొందింది. అక్కడ సుమారు 7 కోట్ల 40 లక్షల టన్నుల ఖనిజం ఉన్నట్టు అంచనా వేశారు. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ దీన్ని తవ్వుతోంది. చుట్టుపక్కల మిల్లుల్లో రాయిని పిండి కొట్టి ఎగుమతి చేస్తారు. వేంపల్లె, వేముల ప్రాంతాల్లో సన్నని చారలుగా దొరికే తెల్ల ముగ్గురాయి దీనికి వేరు. అది రంగుల తయారీకి బాగా పనికొస్తుంది.

ముగ్గురాయి ఎంత మొండిదో తెలియాలంటే దాన్ని జిప్సంతో పోల్చి చూడాలి. రెండూ సల్ఫేట్లే. జిప్సం కాల్షియం సల్ఫేట్, ముగ్గురాయి బేరియం సల్ఫేట్. లీటరు నీటిలో జిప్సం సుమారు 2.4 గ్రాములు కరుగుతుంది. బేరియం సల్ఫేట్ సుమారు 2.4 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. తేడా వెయ్యి రెట్లు. బేరియం అయాను, సల్ఫేట్ అయాను స్ఫటికంలో ఒకదానికొకటి సరిగ్గా అమరి గట్టిగా పట్టుకుంటాయి. ఆ పట్టును విడదీయడం నీటి అణువులకు శక్యం కాదు.

ఈ కరగని గుణం ప్రాణాలకు రక్ష. కరిగే బేరియం లవణం విషం. కడుపులోకి వెళ్తే గుండె కండరాల మీద, నరాల మీద పని చేస్తుంది. బేరియం కార్బొనేట్ కూడా నీటిలో పెద్దగా కరగదు, కానీ జీర్ణాశయంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగలగానే కరిగిపోతుంది. దాన్ని ఎలుకల మందుగా వాడింది అందుకే. బేరియం సల్ఫేట్ ఆ ఆమ్లంలోనూ కరగదు. ఆసుపత్రిలో జీర్ణకోశాన్ని ఎక్స్‌రే తీసే ముందు రోగి చేత తాగించే తెల్లని బేరియం ద్రవం శరీరంలోకి ఇంకకుండా, పేగుల ఆకారాన్ని చూపించి, అలాగే బయటికి పోతుంది. రెండింటిలోనూ ఉన్నది ఒకే మూలకం. అది ఏ సమ్మేళనంగా ఉందన్నదే ప్రాణాంతకమో కాదో నిర్ణయిస్తుంది.

ముగ్గురాయి పిండిలో ఎక్కువ భాగం వెళ్లేది చమురు బావులకు. బావి తవ్వేటప్పుడు లోపలి నుంచి తన్నుకొచ్చే చమురు, గ్యాస్ ఒత్తిడిని అణచడానికి బరువైన బురద కావాలి. సాధారణ రాయి నీటికన్నా 2.7 రెట్లు బరువుంటే, స్వచ్ఛమైన ముగ్గురాయి 4.5 రెట్లు బరువు. చమురు బావుల్లో చాలాకాలంగా కోరుతున్న ప్రమాణం 4.2.

ఆ బరువును తేల్చే పరీక్ష చూడదగ్గది. ఉబ్బెత్తు అడుగు, సన్నని పొడుగాటి మెడ, మెడ మీద మిల్లీలీటర్ల గీతలు ఉన్న గాజు సీసా ఒకటి కావాలి. దాని పేరు లె షాటెలియే ఫ్లాస్క్. అందులో కింది గీత దాకా కిరోసిన్ పోసి, నిలకడైన ఉష్ణోగ్రత ఉన్న నీటి తొట్టిలో నిలబెడతారు. తడి లేకుండా ఆరబెట్టిన ముగ్గురాయి పిండిని సరిగ్గా 80 గ్రాములు తూచి, మెడకు అంటకుండా కొద్దికొద్దిగా జారవిడుస్తారు. సీసాను నెమ్మదిగా దొర్లిస్తే పిండిలో చిక్కిన గాలి బుడగలు పైకి వచ్చేస్తాయి. మళ్లీ తొట్టిలో నిలబెట్టి కిరోసిన్ ఎంత ఎగబాకిందో చూస్తారు. 19 మిల్లీలీటర్లు ఎగబాకితే 80ని 19తో భాగించాలి. 4.2 వస్తుంది, సరుకు నిలిచింది. పిండిలో తేలికైన రాతి పొడి కలిసి ఉంటే కిరోసిన్ ఇంకా పైకి లేస్తుంది, భాగఫలం తగ్గిపోతుంది. లక్షల టన్నుల ఎగుమతి సరుకు ధర ఈ సీసా మెడ మీది గీతల దగ్గర తేలుతుంది.

ఇంత ముగ్గురాయి ఒకే చోట ఎలా పోగుపడిందన్నది శాస్త్రవేత్తలు చాలాకాలంగా తర్కిస్తున్న విషయం. మంగంపేట పొరలు పుల్లంపేట పొరల నడుమ, అగ్నిపర్వత బూడిదతోనూ నల్లని కర్బన పలకరాళ్లతోనూ కలిసి ఉన్నాయి. కొంత ఖనిజం బూడిద రంగు రేణువుల పొరగా, కొంత గుండ్రని గులకల రూపంలో దొరుకుతుంది. ఇది అగ్నిపర్వతం వెదజల్లిన పదార్థమేనని ఒక వాదం. సముద్రపు అడుగున వేడి ఊటలు బేరియాన్ని కరిగించి తెచ్చి, సల్ఫేట్ ఉన్న సముద్రపు నీటిలో కలిపినప్పుడు, ఆ రెండూ కలిసిన మరుక్షణమే ముగ్గురాయిగా అడుగుకు చేరిందని మరో వాదం. రెండో వాదానికి ఆధారం పైన చెప్పిన ద్రావణీయతే. సల్ఫేట్ లేని వేడి నీటిలో బేరియం సుఖంగా కరిగి ప్రయాణిస్తుంది. సల్ఫేట్ ఎదురైన చోట ఆగిపోతుంది.

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లెది ఇంకో రకం చిక్కు. అక్కడ వేంపల్లె పొరల డోలమైట్ రాతిలో యురేనియం ఉంది. ఈ పొర 160 కిలోమీటర్ల మేర విస్తరించి ఉన్నట్టు అణుఖనిజ అన్వేషణ విభాగం పరిశోధనల్లో తేలింది. విస్తీర్ణం పెద్దదే కానీ శాతం చాలా తక్కువ. టన్ను రాయి తవ్వితే అందులో అర కిలో యురేనియం కూడా ఉండదు. పైగా అది కంటికి కనిపించనంత సన్నని రేణువులుగా రాతిలో ఇమిడి ఉంటుంది.

జార్ఖండ్‌లోని జాదూగుడా గనిలో రాయిని పిండి చేసి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో యురేనియాన్ని కరిగిస్తారు. తుమ్మలపల్లెలో ఆ దారి మూసుకుపోయింది. డోలమైట్ అంటే కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్. ఆమ్లం పడగానే పొంగి దాన్ని మొత్తం మింగేస్తుంది. లెక్క వేస్తే 100 కిలోల డోలమైట్‌ను కరిగించడానికి 106 కిలోల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఖర్చవుతుంది. అర కిలో కూడా లేని లోహం కోసం టన్నుకు పైగా ఆమ్లం పోయడం ఎవరి వల్లా కాదు.

భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు, అణుఖనిజ విభాగం, యురేనియం కార్పొరేషన్ కలిసి దీనికి క్షార మార్గం సిద్ధం చేశారు. రాతిలోని యురేనియం నాలుగు సంయోజకతల స్థితిలో ఉంటుంది. ఆ స్థితిలో అది నీటికి లొంగదు. రాతి పిండిని చాకలి సోడా, వంట సోడా కలిసిన నీటిలో వేసి, మూత బిగించిన పాత్రల్లో, 100 డిగ్రీలకు మించిన వేడిలో, ఒత్తిడి కింద ఆక్సిజన్ పంపుతారు. ఆక్సిజన్ యురేనియాన్ని ఆరు సంయోజకతల స్థితికి తెస్తుంది. ఆ వెంటనే కార్బొనేట్ అయాన్లు మూడు దాన్ని చుట్టుముట్టి, యురేనిల్ కార్బొనేట్ అనే కరిగే సంయుక్తంగా మార్చి నీటిలోకి లాగేస్తాయి. డోలమైట్ స్వయంగా కార్బొనేటే కాబట్టి సోడా దాని జోలికి పోదు. రాతిపిండిని వడకట్టాక మిగిలిన ద్రావణంలో కాస్టిక్ సోడా కలిపితే యురేనియం సోడియం డైయురేనేట్‌గా, పసుపు రంగు పదార్థంగా అడుగుకు దిగుతుంది. వాడిన సోడాను తిరిగి రాబట్టుకునే ఏర్పాటు కూడా ఈ పద్ధతిలో భాగం. 2007లో శంకుస్థాపన జరిగిన ఈ కర్మాగారం 2012 నాటికి పని మొదలుపెట్టింది.

ఏ గుణం వల్ల ఈ పద్ధతి పనిచేస్తుందో ఆ గుణం వల్లే దాని వ్యర్థాల విషయంలో జాగ్రత్త తప్పనిసరి. యురేనియం తీసేశాక మిగిలిన రాతిపిండిని, సోడియం లవణాలున్న నీటిని ఒక చెరువు లాంటి కట్టలోకి పంపి నిల్వ చేస్తారు. కార్బొనేట్, బైకార్బొనేట్ ఉన్న నీరు భూమిలోకి ఇంకితే మిగిలిపోయిన యురేనియాన్ని తనతో పాటు తీసుకుపోగలదు. సోడియం ఎక్కువైన నీరు నేలను చౌడు బారుస్తుంది. చుట్టుపక్కల గ్రామాల రైతులు తమ బోరు నీళ్లు, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు చేశారు. ఆ ప్రాంతపు రాతిలోనే సహజంగా యురేనియం ఉన్నందున, ఏ బోరులోని యురేనియం రాతి నుంచి వచ్చింది, ఏది వ్యర్థపు కట్ట నుంచి వచ్చిందన్నది అంచనాతో చెప్పగల విషయం కాదు. సోడియం, సల్ఫేట్, బైకార్బొనేట్, యురేనియం పాళ్లను ఒకేసారి కొలిచి, వాటి నిష్పత్తులను ఏళ్ల తరబడి గమనిస్తేనే తేలుతుంది. తాగే నీటిలో యురేనియం లీటరుకు 0.03 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అక్కడి జనానికి ఆ కొలతలు దాపరికం లేకుండా అందడం వారి హక్కు.

బోరు నీళ్లలో యురేనియం కన్నా ఎక్కువ ఊళ్లను పీడించేది ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా మొదట నమోదు చేసింది ఈ సీమకు పొరుగునే. నల్లమలకు తూర్పున, అప్పటి నెల్లూరు జిల్లాలో పళ్లు గారపట్టి, నడుములు బిగుసుకుపోయి, కీళ్లు వంగని మనుషుల గురించి షార్ట్ అనే వైద్య శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1937లో ప్రకటించారు. కారణం తాగే నీటిలోని ఫ్లోరైడ్ అని తేల్చారు. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో, రాయచోటి వైపున ఉన్న గ్రానైట్ నేలల్లోనూ ఇదే బాధ ఉంది. గ్రానైట్‌లోని అభ్రకం, అపటైట్, ఫ్లోరైట్ ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది.

రాతిలో ఫ్లోరిన్ ఉన్నంత మాత్రాన నీళ్లలో ఫ్లోరైడ్ పెరగదు. దానికి కళ్లెం వేసేది కాల్షియం. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే కాల్షియం ఫ్లోరైడ్ అనే అంతగా కరగని పదార్థం ఏర్పడుతుంది. లెక్క ప్రకారం లీటరు నీటిలో 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ సుమారు 2 మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది. కాల్షియం 10 మిల్లీగ్రాములకు పడిపోతే ఫ్లోరైడ్ 7 మిల్లీగ్రాముల దాకా పెరగవచ్చు. వాన తక్కువై, ఎండ ఎక్కువై, నీరు లోతు రాళ్లలో ఏళ్ల తరబడి నిలిచినప్పుడు కాల్షియం సున్నంగా విడిపోతుంది, సోడియం బైకార్బొనేట్ మిగులుతుంది. అలాంటి నీరు నోటికి చప్పగా, మెత్తగా ఉంటుంది, పప్పు ఉడకడానికీ సబ్బు నురుగుకూ అనువుగా ఉంటుంది. అందుకే మంచి నీళ్లని పొరబడతారు. రుచిని బట్టి, రంగును బట్టి ఫ్లోరైడ్‌ను పోల్చుకోవడం కుదరదు. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీటి వసతి లేని చోట 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతిస్తారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించుతారు. కరిగిన దాన్ని మళ్లీ కరగని రూపంలోకి మార్చడమే ఈ పద్ధతి ఆయువుపట్టు.

పొలంలో సమస్య తిరగబడుతుంది. అక్కడ బాధ కరగకపోవడం వల్ల వస్తుంది. కుందూ నది లోయలోని నల్లరేగడి నేలల్లో సున్నం పాలు ఎక్కువ, క్షార గుణం ఎక్కువ. ఉదజని సూచిక 8 దాటిన నేలలు సాధారణం. ఆ సూచిక ఒక్క అంకె పెరిగితే జింక్ కరిగే మోతాదు నూరో వంతుకు, ఇనుము కరిగే మోతాదు వెయ్యో వంతుకు పడిపోతుంది. నేలలో ఇనుము దండిగా ఉంటుంది. వేరుకు మాత్రం అందదు. కలిమి మధ్య పైరు పస్తుంటుంది.

కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింది వరిలో ముదురాకుల మీద ఈనెకు రెండు పక్కలా తుప్పు రంగు మచ్చలు జింక్ లోపానికి గుర్తు. వేరుశనగలో లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగలడం ఇనుప ధాతు లోపానికి గుర్తు. భూసార పరీక్షలో నేలలోని మొత్తం జింక్‌ను లెక్కించి లాభం లేదు. డి.టి.పి.ఎ. అనే ద్రావణంతో మట్టిని గిలకొట్టి, వేరు తీసుకోగలిగినంత జింక్ ఎంత వస్తుందో చూస్తారు. అది కిలో మట్టికి 0.6 మిల్లీగ్రాముల కన్నా తక్కువైతే లోపం ఉన్నట్టే. ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయాలని, దాన్ని భాస్వరం ఎరువులతో కలపకూడదని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. కలిపితే జింక్ ఫాస్ఫేట్ ఏర్పడి మళ్లీ కరగకుండా పోతుంది. వేరుశనగ ఆకుల మీద పిచికారీకి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలపమంటారు. అన్నభేది ఫెర్రస్ సల్ఫేట్. నిమ్మ ఉప్పు ఆ ఇనుము తుప్పుగా మారకుండా, కరిగిన స్థితిలో పట్టి ఉంచుతుంది. ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయడంలో ఉన్నదీ ఈ సూత్రమే. కాయకు కావలసిన కాల్షియాన్ని సున్నపు గుల్ల తొందరగా ఇవ్వలేదు. లీటరుకు 2.4 గ్రాములు కరిగే జిప్సం ఇవ్వగలదు. నంద్యాలలో 1906లో మొదలైన వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇలాంటి ప్రశ్నల మీద శతాబ్దానికి పైగా పని చేస్తూ వస్తోంది.

రాయి, నీరు, మట్టి తరువాత ఈ సీమకు ప్రపంచ ఖ్యాతి తెచ్చింది చెట్టు. పాలకొండలు, శేషాచలం, లంకమల, వెలిగొండల్లో పెరిగే ఎర్రచందనం మరెక్కడా సహజంగా ఈ స్థాయిలో పెరగదు. క్వార్ట్‌జైట్ రాళ్ల మీది పలచని మట్టిలో, తక్కువ వానలో, ఏళ్ల తరబడి నెమ్మదిగా చేవ తేరుతుంది. ఆ చేవలోని ఎరుపు కోసమే యూరప్ మధ్యయుగాల నుంచి ఈ చెక్కను తెప్పించుకుంది.

ఆ ఎరుపు స్వభావం రెండు గాజు గ్లాసుల్లో తెలిసిపోతుంది. ఒక గ్లాసులో నీళ్లు, ఇంకో గ్లాసులో స్పిరిట్ పోసి, రెండింటిలో చిటికెడు చేవ పొడి వేస్తే, నీళ్ల గ్లాసులో పొడి అడుగుకు చేరి నీటికి రంగు పెద్దగా దిగదు. స్పిరిట్ గ్లాసు మాత్రం చూస్తుండగానే ముదురు ఎరుపెక్కుతుంది. క్షారం తగిలితే అదే రంగు ఊదా వైపు మళ్లుతుంది. అద్దకం వారి పాత పరిభాషలో ఈ జాతి చెక్కలకు కరగని ఎర్ర చెక్కలు అనే పేరే ఉంది. రంగుకు మూలమైన పదార్థాలు శాంటాలిన్-ఎ, శాంటాలిన్-బి. వాటి అణువులు పెద్దవి. బెంజీన్ వలయాలు ఒకదానికొకటి అతుక్కుని, నీటికి దూరంగా, ఆల్కహాల్‌కు దగ్గరగా ఉండే నిర్మాణం వాటిది.

ఈ చెక్కల రసాయనాల మీద పని చేసినవారిలో టి.ఆర్. శేషాద్రి ప్రముఖులు. ఆయన 1933 నుంచి 1949 దాకా వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉండి, మొక్కల రంగుల అధ్యయనానికి పెద్ద పాఠశాలను నిర్మించారు. తరువాత ఢిల్లీకి వెళ్లి, ఎర్రచందనపు జాతి చెక్కల్లోని పాలీఫినాల్‌ల మీద 1972లో సమగ్ర సమీక్ష రాశారు. ఇటలీ శాస్త్రవేత్తలు 1970వ దశకంలో శాంటాలిన్‌ల నిర్మాణాన్ని తేల్చారు. 2013లో మ్యూనిక్‌లో డిర్క్ ట్రౌనర్ బృందం వాటిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేసింది. స్పేత్, ష్లాగర్ 1940లో ఎర్రచందనం నుంచి టెరోస్టిల్బీన్ అనే మరో పదార్థాన్ని వేరు చేశారు. అదే పదార్థం ద్రాక్షలోనూ ఉందని తరువాత తెలిసింది. దాని ఆక్సీకరణ నిరోధక గుణం మీద ఇప్పటికీ అధ్యయనాలు జరుగుతున్నాయి. ఎర్రచందనం అంతర్జాతీయ వ్యాపారం మీద 1995 నుంచి సైటిస్ ఒప్పందం నియంత్రణ ఉంది. రంగును కృత్రిమంగా తయారు చేయడం సాధ్యమైంది కాబట్టి రంగు కోసం చెట్టు కొట్టాల్సిన అవసరం శాస్త్రపరంగా తీరినట్టే. చెక్క కోసం జరిగే దొంగతనం మాత్రం అడవికి ముప్పుగానే ఉంది.

ఈ పనులన్నీ ఒక్క ప్రయోగశాలలో జరిగినవి కావు. రాతి పొరలను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ, హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ చదివాయి. యురేనియాన్ని అణుశక్తి శాఖ సంస్థలు వెదికాయి. మొక్కల రసాయనాలను తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పరిశోధకులు వెలికితీశారు. కడపలో 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలులో 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఈ నేల ప్రశ్నలను ఈ నేల మీదే పరిశోధించే వీలు కలిగింది. ఈ ఊళ్ల పిల్లలు తమ ఊరి బోరు నీటినీ, తమ చేని మట్టినీ తమ ప్రయోగశాలలోనే పరీక్షించగల రోజులివి.

ఇన్ని పరిశోధనల్లోనూ తేలిన సత్యం ఒకటి ఉంది. ఒక మూలకం నేలలో ఎంత ఉందన్న లెక్క సగం సంగతే చెబుతుంది. మంగంపేటలో బేరియం కోట్ల టన్నులున్నా కరగని రూపంలో ఉంది కాబట్టి దాన్ని తవ్వే ఊరికి అది విషం కాలేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు కొన్ని మిల్లీగ్రాములే అయినా కరిగి ఉంది కాబట్టి ఎముకలకు చేరుతుంది. రేగడిలో ఇనుము బండ్ల కొద్దీ ఉన్నా కరగదు కాబట్టి పైరుకు అక్కరకు రాదు. మేలు, కీడు రెండూ నీటిలో కరిగిన పాలును బట్టే ఉంటాయి. అందువల్ల ప్రతి ఊరి తాగునీటి బోరును వానలకు ముందొకసారి, వానలు వెలిశాక ఒకసారి పరీక్షించి, ఫ్లోరైడ్, నైట్రేట్, సోడియం, గని ప్రాంతాల్లో యురేనియం పాళ్లను పంచాయతీ గోడ మీద రాయడం, ప్రతి రైతు చేని మట్టికి అందుబాటులో ఉన్న పోషకాల పరీక్ష చేయించడం ఈ రెండు సీమల్లో రసాయన శాస్త్రం చేయగల అతి పెద్ద ప్రజాసేవ. అందుకు కావలసిన పరికరాలు, పద్ధతులు, చదువుకున్న యువత అన్నీ ఇక్కడే ఉన్నాయి.